గొర్రెల మందకు బార్డర్ కోలీ కొనాలా? ముందు మా రెండు కుక్కల సంగతి వినండి

అన్నా, మీ ప్రశ్న రెండుసార్లు చదివా. పెనుకొండ దగ్గర నాలుగెకరాలు, నలభై ఐదు గొర్రెలు. ఉన్న కాపరి దసరాకి ఊరికి పోయి మళ్లీ రాలేదు. ఫోన్‌లో విదేశాల వీడియో ఒకటి చూశారు, ఒక్క కుక్క మూడొందల గొర్రెల్ని ఈలకు ఆడిస్తోంది. బెంగళూరులో బార్డర్ కోలీ పిల్ల దొరుకుతుందట, అది కొంటే కాపరి జీతం మిగులుతుందా అని అడిగారు.

మిగలదు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదిన వాడు లేడు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది నింపాదిగా మాట్లాడుకోవచ్చు.

నాది కళ్యాణదుర్గం వైపు. మా తాత కాలం నుంచి ఇంట్లో జీవాలే. పద్నాలుగేళ్లుగా మంద నేనే చూసుకుంటున్నా. అరవై, డెబ్భై మధ్య ఉంటాయి, సగం నల్ల గొర్రెలు, సగం నెల్లూరు ఎర్రవి. అందులో ఆరేడేళ్లు రెండు రకాల కుక్కలూ ఒకే దొడ్డిలో బతికాయి. ఒకటి కరియ, మా పక్క ఊరి కాపరి ఇచ్చిన నాటు కుక్క. రెండోది జూలీ, మీలాగే నేనూ వీడియోలు చూసి మోజుపడి తెచ్చుకున్న బార్డర్ కోలీ. కాబట్టి ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు, డబ్బులు పోసి నేర్చుకున్నది.

అసలు తిరకాసు ఎక్కడంటే, 'గొర్రెల కుక్క' అని మనం ఒక్క మాటతో పిలిచేది రెండు వేరు వేరు పనులు. ఒకటి మందను తోలే కుక్క. ఇంకొకటి మందను కాసే కుక్క. బార్డర్ కోలీ తోలే రకం. ఇంగ్లాండు, స్కాట్లాండు సరిహద్దు కొండల్లో తయారైంది. 1893లో నార్తంబర్లాండ్‌లో ఆడమ్ టెల్ఫర్ అనే ఆయన దగ్గర పుట్టిన 'ఓల్డ్ హెంప్' అనే కుక్క నుంచే ఇవాళ్టి బార్డర్ కోలీలు దాదాపు అన్నీ దిగాయి. అక్కడ గొర్రెల వెంట రోజూ మనిషి ఉండడు. కొండల మీదకు వదిలేస్తారు, అవే మేస్తాయి, అక్కడే పడుకుంటాయి. ఉన్ని కత్తిరించడానికో, మందు తాగించడానికో కిందికి దించాలంటే మనిషి కాళ్లతో అయ్యే పని కాదు. అందుకు పుట్టింది ఆ కుక్క. పైగా అక్కడ తోడేళ్లు ఎప్పుడో అంతరించాయి. కాపలా బాధ దానికి లేదు.

మన దగ్గర లెక్క తిరగబడుతుంది. పొద్దున దొడ్డి తీసిన దగ్గర నుంచి చీకటి పడేదాకా మంద మనిషి కళ్లముందే ఉంటుంది. కాపరి ముందు నడిచి నోటితో ఒక కూత వేస్తే మంద వెనక వస్తుంది. వెనక నుంచి తరమాల్సిన అవసరం రోజుకు రెండుసార్లు వస్తే ఎక్కువ. మనకు ఉన్న బాధల్లా రాత్రిపూట. తోడేలు, గుంటనక్క, కొండ పక్కన ఊళ్లకు చిరుత, వీటన్నింటినీ మించి ఊరకుక్కల గుంపులు, ఆటో వేసుకుని వచ్చే దొంగలు. వీటికి కావలసింది కాసే కుక్క. మీ నలభై ఐదింటికి కూడా అదే.

అలాగని జూలీని తక్కువ చేసి మాట్లాడలేను. ఒక్కటి చెబుతా. మూడో ఏడు దానికి. పొద్దున్నే దొడ్డి తడిక ఊడిపోయి మంద మొత్తం పక్కాయన బుడ్డల చేనులో పడింది. పంట ఊడలు దిగే అదను. ఆయన గట్టు మీద నిలబడి మా వంశం మొత్తాన్ని తిడుతున్నాడు. నేను పరిగెత్తుకుని పోతే గొర్రెలు ఇంకా లోపలికి పోయేవి. జూలీకి ఒక్క మాట చెప్పా, "దాపల". చేను మధ్యలోకి పోలేదది. గట్టు వెంబడి ఎడమ పక్కగా పెద్ద చుట్టు తిరిగి, నేలకు కడుపు ఆనించినట్టు వంగి, మందకు అవతల తేలింది. మొరగలేదు, కరవలేదు, ఊరికే చూసింది. మేస్తున్న తలలు ఒక్కొక్కటే లేచాయి. రెండు నిమిషాల్లో డెబ్భై జీవాలూ సాళ్ల వెంబడే బయటికొచ్చాయి. పక్కాయన తిట్టడం ఆపి, "ఏం తినిపిస్తావప్పా దీనికి?" అన్నాడు.

ఆ 'దాపల' సంగతి చెప్పాలి. ఇంగ్లీషు కాపరులకు కుక్క మందను ఏ పక్క నుంచి చుట్టాలో చెప్పడానికి రెండు కేకలు ఉంటాయి. నా నోటికి అవి రాలేదు. మా నాయన ఎద్దులకు చెప్పే మాటలే పెట్టుకున్నా. దాపల అంటే ఎడమ పక్క నుంచి, వలపల అంటే కుడి పక్క నుంచి. 'పండుకో' అంటే ఉన్నచోటే నేలకు ఆనాలి. 'చాలు' అంటే పని వదిలేసి నా కాళ్ల దగ్గరికి రావాలి. ఈ నాలుగు మాటలకు నాకు పది నెలలు పట్టింది. అందులో 'పండుకో'కే మూడు నెలలు. ఎందుకంటే గొర్రెను చూడగానే దాని ఒళ్లంతా తీగలా బిగుసుకుపోతుంది, ఆ సమయంలో మన మాట చెవికెక్కాలి. అది ఎక్కకుండా మందలోకి వదిలితే కుక్కను కాదు, తోడేలును వదిలినట్టే.

ఇందులో కిటుకు ఏమిటంటే, గొర్రె చుట్టూ కంటికి కనపడని ఒక గిరి ఉంటుంది. గొర్రె కళ్లు తలకు పక్కల ఉంటాయి కాబట్టి తోక వెనక కాస్త మేర తప్ప చుట్టూ అంతా దానికి కనిపిస్తుంది. కుక్క ఆ గిరి అంచును తాకితే గొర్రె నెమ్మదిగా కదులుతుంది. గిరి దాటి దూసుకొస్తే చెదిరిపోతుంది. భుజానికి వెనక నుంచి వస్తే ముందుకు, భుజానికి ముందు నుంచి వస్తే వెనక్కి తిరుగుతుంది. మంచి కుక్కకు ఇది పుట్టుకతోనే కొంత తెలుసు. మనకే తెలియదు. మొదటి ఆరు నెలలు తప్పు చేసింది ఎక్కువగా నేనే, జూలీ కాదు.

ఇక కష్టాలు. మా దగ్గర మే నెలలో 42 డిగ్రీలు మామూలు. దానికేమో చలిదేశపు రెండు పొరల బొచ్చు. పొద్దున తొమ్మిది దాటితే నాలుక గడ్డం దాకా వేలాడేది. మార్చి నుంచి జూన్ దాకా దానితో పొద్దున గంట, సాయంత్రం గంట తప్ప పని లేదు. పని లేని బార్డర్ కోలీ ఇంట్లో పని లేని ఇంజనీరు లాంటిది, ఏదో ఒకటి విప్పుతుంది. కోళ్లను మూలకు తోలి గంటలకొద్దీ కాపలా కూర్చునేది. బడి పిల్లల్ని వరుసలో నడిపించబోయేది. మోటారు సైకిళ్ల ముందు చక్రానికి అడ్డం పడేది, అందులోనే ఒక కాలు విరిగింది. అన్నింటికన్నా నష్టం, నేను ఊళ్లో లేని రోజు గొలుసు తెంపుకుని చూడి గొర్రెల్ని మధ్యాహ్నపు ఎండలో దొడ్డి చుట్టూ తిప్పింది. వాటిలో రెండు ఈసుకుపోయాయి. నాలుగు నెలల చూడి. తప్పు కుక్కది కాదు, దాని బుర్రకు పని చూపించని నాది. కానీ పోయిన పిల్లలు పోయినట్టే.

ఇంకొకటి. నగరంలో అమ్మే కోలీ పిల్లల్లో చాలావాటి తాత ముత్తాతలు గొర్రెను చూసి ఉండవు. అందం కోసం, ఆటల కోసం పెంచిన వంశాలు. నాకు అమ్మినాయన 'పని చేసే లైను' అని కాగితాలు చూపించాడు. తర్వాత తెలిసింది, ఆ కాగితాలు వేరే కుక్కవి. జూలీ పని చేయడం నా అదృష్టం. తల్లి కుక్క గొర్రెల మధ్య పని చేయడం మీ కళ్లతో చూస్తే తప్ప రూపాయి ఇవ్వద్దు.

కరియ దగ్గరికి వద్దాం.

కరియకు ఏ పనీ నేర్పలేదు. అది చేసే పని బయటి వాళ్లకు పనిలా కనిపించదు కూడా. పగలంతా మంద పక్కన చెట్టు నీడలో పడుకుంటుంది. మంద కదిలితే లేచి, అది ఆగిన చోట మళ్లీ పడుకుంటుంది. సోమరిపోతు అనుకుంటారు. పొద్దు గూకాక చూడాలి దాన్ని. దొడ్డి చుట్టూ ఒకే దారిలో తిరుగుతుంది, మూల మూలకూ ఉచ్చ పోస్తుంది. అది దాని కంచె. గాలి ఎటు నుంచి వీస్తుందో ఆ పక్కన, చెవులు నిక్కబెట్టి కూర్చుంటుంది. దాని మొరుగుడులో తేడాలు మా ఇంట్లో ఆడవాళ్లకు కూడా తెలుసు. దారిన పోయే మనిషికి ఒకటి, ఊరకుక్కకు ఒకటి. తోడేలుకైతే మొరుగుడు కాదు, గొంతు లోపలి నుంచి ఒక బొంగురు వస్తుంది, ఆగకుండా.

ఒక సాయంత్రం దొడ్డిలోకి తోలుతూ లెక్కపెడితే ఒకటి తక్కువ. మళ్లీ లెక్కపెట్టా, అదే. అప్పుడు చూస్తే కరియ కూడా లేదు. టార్చి పట్టుకుని మేసిన దారిలో వెనక్కి పోయా. కిలోమీటరు అవతల సర్కారు తుమ్మ పొదల్లో గొర్రె ఈని ఉంది. పిల్ల ఇంకా తడిగానే ఉంది, నిలబడబోయి పడుతోంది. నాలుగడుగుల దూరంలో కరియ, వీపు వాటికి పెట్టి, మొహం చీకటికి పెట్టి కూర్చుంది. నా టార్చి వెలుగుకు తోక రెండుసార్లు నేలకు కొట్టింది, లేవలేదు. నేను పిల్లను చంకన పెట్టుకుని నడిస్తే తల్లి నా వెంట, తల్లి వెంట అది. ఉండమని దానికి ఎవరూ చెప్పలేదు.

ఇది నేర్పితే రాదు, పెంపకంతో వస్తుంది. కుక్క పిల్ల మనసు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా తెరిచిన తలుపులా ఉంటుంది. ఆ వయసులో ఎవరి మధ్య ఉంటే వాళ్లే దానికి తనవాళ్లు. ఇంట్లో పిల్లల మధ్య ఉంటే మనుషుల కుక్క అవుతుంది, దొడ్డిలో ఉంటే గొర్రెల కుక్క అవుతుంది. రేమండ్ కాపింజర్ అని అమెరికాలో ఒకాయన యూరప్, టర్కీల నుంచి ఇలాంటి కుక్కల్ని తెప్పించి అక్కడి రైతుల మందల్లో పెట్టి ఏళ్ల తరబడి గమనించి చెప్పిన మాట కూడా ఇదే. మా తాత ఆయన పేరు వినలేదు గానీ, కళ్లు తెరిచిన పిల్లను తెచ్చి గొర్రె పిల్లల గూడులోనే పడేసేవాడు.

మీరు చేయాల్సింది కూడా అంతే. ఏడెనిమిది వారాల పిల్లను, కాపరి మందలో పుట్టినదాన్ని తెచ్చుకోండి. పాలు మరిచిన గొర్రె పిల్లల పక్కన తడికెతో చిన్న అర కట్టండి. కుక్క పిల్ల దూరి తప్పించుకునే సందు ఒకటి ఉండాలి, ఎందుకంటే తల్లి గొర్రెలు కుమ్ముతాయి. ఒకటి రెండుసార్లు కుమ్మించుకోవడం మంచిదే, పెద్దలంటే భయం తెలుస్తుంది. తిండి అక్కడే పెట్టండి. రోజూ చేత్తో తడమండి, పేరుతో పిలవండి, రేపు సూది వేయాలంటే మన చేతికి దొరకాలి కదా. కానీ ఇంట్లోకి మాత్రం తీసుకురావద్దు. మీ పిల్లలు ఏడుస్తారు, ఏడవనివ్వండి.

ఆరో నెల నుంచి ఏడాది దాటేదాకా అసలు పరీక్ష. వయసుకొచ్చిన కుక్క ఆడుకోవాలనుకుంటుంది, ఆడుకోవడానికి దానికి దొరికేది గొర్రె పిల్లలే. చెవి పట్టి లాగుతుంది, తోక కొరుకుతుంది, ఒక్కోసారి పిల్ల చచ్చిపోతుంది కూడా. చాలామంది ఇక్కడే 'ఇది పనికిరాదు' అని వదిలేస్తారు. మన పెద్దల దగ్గర దీనికి మందుంది, గుదిబండ. మెడ పట్టీకి మూరెడు కట్టె వేలాడదీస్తే పరిగెత్తినప్పుడల్లా ముందు కాళ్లకు తగులుతుంది, నడిస్తే తగలదు. గాయం చేసేంత బరువు వద్దు. కరియకు నాలుగు నెలలు కట్టి ఉంచా. రెండేళ్లు నిండేసరికి నమ్మి మంద అప్పజెప్పేలా తయారైంది.

జాతి ఏదని అడుగుతారు. కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర పందికోన ఊరి కుక్కలకు మన వైపు పేరుంది. ధైర్యం, పట్టుదల ఉన్నవి. ముధోల్ మాత్రం వద్దు. అది కంటితో చూసి తరిమే వేట కుక్క, గెంతే గొర్రె పిల్ల దానికి కుందేలులా కనిపిస్తుంది. హిమాలయాల గద్దీ, బకర్వాల్ కుక్కలు కాపలాలో గొప్పవే, కానీ వాటి బొచ్చుకు మన ఎండ శిక్ష. నా మాట అడిగితే, జాతి పేరు కన్నా ఆ పిల్ల తల్లి ఏ మందలో పడుకుంటుందో చూడండి.

రెండు పెంచండి, ఒకటి చాలదు. తోడేళ్లు జంటగా వస్తే ఒకటి కుక్క కంట్లో పడి దూరంగా లాక్కుపోతుంది, రెండోది వెనక నుంచి పిల్లను ఎత్తుకుపోతుంది. మా మందలో ఇలా పోయినవి మూడు. కరియకు తోడుగా దాని చెల్లెలి పిల్ల వచ్చాక ఒకటి తరిమితే ఒకటి మంద వదలదు. అన్నట్టు, కోపంతో విషం కలిపిన మాంసం పెట్టే ఆలోచన ఎవరైనా చెబితే వినద్దు. తోడేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, జైలు ఖాయం. పైగా ఆ మాంసం ముందు తినేది మీ కుక్కే.

ఇప్పుడు అందరూ వదిలేసే సంగతి. కుక్కకూ గొర్రెకూ మధ్య తిరిగే పురుగులు.

మీ మందలో ఎప్పుడైనా ఒక గొర్రె తల పక్కకు వాల్చి, ఒకే వైపు గిరగిరా తిరుగుతూ, గోడకు తల ఆనించి నిలబడటం చూశారా? గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు. చాలాసార్లు అది మెదడులో నీటి తిత్తి. కుక్క పేగులో ఉండే బద్దె పురుగు గుడ్లు పెంట ద్వారా గడ్డి మీద పడతాయి, గొర్రె తింటుంది, పురుగు పిల్ల మెదడుకు చేరి తిత్తి కడుతుంది. ఆ గొర్రె చచ్చాక తలకాయ కుక్కకు పడేస్తాం, చక్రం మళ్లీ మొదలు. ఇలాంటిదే ఇంకో పురుగు గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు కడుతుంది. అది మనుషులకూ వస్తుంది. కుక్కను తడిమిన చేతులు కడగకుండా అన్నం తినే పిల్లలకు ముందు వస్తుంది. మా బంధువుల్లో ఒకామెకు కాలేయం నుంచి కొబ్బరికాయంత తిత్తి తీశారు. ఇంటి నిండా గొర్రెలు, కుక్కలే.

అందుకని మా దొడ్డిలో రెండు నియమాలు. కోసిన జీవం తల, కాలేయం, ఊపిరితిత్తులు పచ్చివి కుక్క నోట పడకూడదు, చచ్చిన జీవాన్ని లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలి. రెండోది బద్దె పురుగుల్ని చంపే ప్రాజిక్వాంటెల్ మాత్ర. పది కిలోల బరువుకు 50 మిల్లీగ్రాముల లెక్కన, కుక్కను తూకం వేసి మరీ వేస్తా. మందలో తిరిగే కుక్క కాబట్టి ఆరు వారాలకోసారి. సంగటి ముద్దలో పెడితే మాత్ర ఉమ్మేసి ముద్ద తినేంత తెలివి కరియది. గొంతులో వేసి నోరు మూసి పట్టుకోవాల్సిందే.

గొర్రెలకు పురుగుల కోసం పొడిచే ఐవర్‌మెక్టిన్ మందు మిగిలింది కదా అని కుక్కకు పొడవద్దు. కోలీ జాతుల్లో కొన్నింటికి పుట్టుకతో ఒక జన్యు లోపం ఉంటుంది, వాటిలో ఆ మందు మెదడుకు ఎక్కుతుంది. తూలి పడిపోయి, కోమాలోకి పోయి చచ్చిపోతాయి. కోలీ కొనకపోయినా, నాటు కుక్కలో ఏ రక్తం కలిసిందో మనకేం తెలుసు. పశువుల డాక్టరు చెప్పిన మోతాదు తప్ప వద్దు.

పిచ్చికుక్క టీకా మూడో నెలలో మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన నాటికి రెండోది, తర్వాత ఏటా. జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు, ఆ తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి. కుక్కపిల్లల్ని చంపే పార్వో, డిస్టెంపర్ జబ్బులకు టీకాలు కూడా పిల్లప్పుడే. మా ఊళ్లో ఒక ఏడు పార్వోకు పదకొండు పిల్లలు పోయాయి, వాటిలో మూడు నావి. టీకా ఖర్చు దండగ అనుకున్న ఏడు అది.

తిండి సంగతి మీరు అడగలేదు గానీ, రాగి సంగటి, మజ్జిగ మాత్రమే పోస్తే కుక్క బతుకుతుంది, కాపలా కాయదు. వారానికి నాలుగు గుడ్లు, ఉడికించిన కోడి కాళ్లు, ఎండు చేపల పొట్టు కలిపితే రాత్రంతా మెలకువగా ఉంటుంది. కడుపు మాడితే మంద వదిలి ఊళ్లోకి పోతుంది, ఊరకుక్కలతో కలుస్తుంది. తర్వాత ఆ గుంపును మీ దొడ్డికి అదే దారి చూపిస్తుంది.

మీ కాపరి సంగతి. ఆయన ఎందుకు రాలేదో ఒకసారి ఫోన్ చేసి అడగండి. జీతం చాలకనా, రాత్రి ఒంటరిగా పడుకోలేకనా? రెండోదైతే మంచి కుక్కలు రెండు ఉంటే వస్తాడు. మా దగ్గర పనిచేసే ఆయన కూడా మొదట అడిగింది కూలి గురించి కాదు, "కుక్క ఉండాదా?" అనే.

జూలీ పోయిన ఏడాది ముసలిదై పోయింది. కరియ ఉంది, పళ్లు అరిగాయి, చెవి ఒకటి తోడేలు చీల్చింది. దాని మనవరాలు ఒకటి ఇప్పుడు చూలుతో ఉంది, సంక్రాంతి దాటాక ఈనొచ్చు. ఆడపిల్ల కావాలంటే ఇప్పుడే చెప్పండి. డబ్బులు వద్దు, మా వైపు కుక్కపిల్లను అమ్ముకోరు. ఒక పాత గోనె సంచి తీసుకురండి. మీ గొర్రెల దొడ్డిలో వారం రోజులు పరిచి ఉంచినదై ఉండాలి. పిల్లను ఆ సంచిలోనే చుట్టి ఇస్తా.